గిటారు సాధనలో లయ

గిటారు సాధనలో లయ అనగా గిటారు అభ్యసించేవారు తీగను మీటే క్షణాన్నీ, స్వరం నిలిచే వ్యవధినీ, స్వరాల మధ్య విడిచే విరామాన్నీ ఒక స్థిరమైన కాలప్రమాణానికి లోబరచుకొనే అభ్యాసం. గిటారు సాధారణంగా ఆరు తీగల వాద్యం. పాటకు తోడుగా వాయించేటప్పుడు స్వరసమూహాలను అందించే పని, తాళవాద్యం వలె నడకను నిలిపే పని రెండూ దానిమీదనే పడతాయి. డ్రమ్స్ గాని తబలా గాని లేకుండా ఒక్క గిటారుతో ఒకరు పాడుతున్నప్పుడు పాట నడక అంతా వాయించేవారి కుడిచేతిలోనే ఉంటుంది. అటువంటి చోట ఒక స్వరం తప్పితే చాలామంది శ్రోతలు గమనించకపోవచ్చును. నడక ఆగితే మాత్రం పాడేవారు కూడా ఆగిపోతారు.

అయినప్పటికీ ప్రారంభ దశలో లయకు దక్కే శ్రద్ధ తక్కువ. ఎడమచేతి వేళ్ళు ఏ మెట్టు మీద పెట్టాలి, ఏ కార్డు ఆకారం ఎలా ఉంటుంది అనేవి బొమ్మ గీసి చూపడానికి వీలైన విషయాలు. లయను అలా చూపడం కష్టం. గిటారు విద్యార్థులు ఎక్కువగా వాడే టాబ్ లిపిలో కూడా ఏ తీగ, ఏ మెట్టు అన్నది అంకెలతో స్పష్టంగా ఉంటుంది గాని, ఆ స్వరం ఎంతసేపు నిలవాలో చాలా ప్రతులలో ఉండదు. గదిలో ఒంటరిగా నెలల తరబడి సాధన చేసినవారు మొదటిసారి మరొకరితో కలిసి వాయించినప్పుడు తడబడడానికి ముఖ్యమైన కారణం ఇదే. ఒంటరిగా ఉన్నప్పుడు కష్టమైన చోట వేగం తగ్గించడం, తేలికైన చోట పరుగెత్తడం వాయించేవారికి తెలియకుండానే జరిగిపోతుంది.

కొలతలు

పాశ్చాత్య సంగీతంలో కాలాన్ని కొలిచే మూలప్రమాణాన్ని బీట్ అంటారు. ఈ వ్యాసంలో దానిని మాత్ర అని వ్యవహరించడమైనది. కొన్ని మాత్రలు కలిస్తే ఒక బార్. నాలుగు మాత్రల బార్ ఎక్కువ పాటలలో కనిపిస్తుంది. మూడు, ఆరు మాత్రలవి ఆ తరువాత వస్తాయి. వేగాన్ని నిమిషానికి ఎన్ని మాత్రలు అనే లెక్కలో చెబుతారు. నిమిషానికి 60 అంటే మాత్రకు ఒక సెకను, 120 అంటే అర సెకను. 120 వేగంలో మాత్రను నాలుగు భాగాలు చేసి వాయిస్తే ఒక్కొక్క మీటుకు మిగిలే కాలం 0.125 సెకను.

భారతీయ సంగీతశాస్త్రంలో లయ అనే మాటకు ఇంతకంటె విస్తృతమైన అర్థం ఉన్నది. తాళానికి చెప్పిన పది ప్రాణాలలో లయ ఒకటి. విలంబ, మధ్య, ద్రుత అని దానిని మూడు విధాలుగా విభజించారు. శ్రుతిని తల్లిగా, లయను తండ్రిగా భావించడం సంప్రదాయం. వాడుకలో మాత్రం లయ అంటే వేగం, నిలకడ, నడక మూడూ కలిసిన భావం స్ఫురిస్తుంది. గిటారు విద్యార్థికి ఈ మూడింటినీ విడదీసి చూడడం మేలు. వేగంగా వాయించగలిగినవారికి నిలకడ ఉండాలని లేదు. నిలకడగా వాయించేవారి చేతిలో నడక నిర్జీవంగా ఉండవచ్చును.

రెండు చేతుల సమస్య

పియానోలో మెట్ట నొక్కిన చేతే స్వరాన్ని పలికిస్తుంది. గిటారులో ఒక స్వరం పలకాలంటే ఎడమచేతి వేలు మెట్టు దగ్గర తీగను అదమాలి, కుడిచేయి అదే క్షణంలో మీటాలి. ఎడమచేయి ఆలస్యమైతే తీగ బరబరమంటుంది లేదా మూగబోతుంది. ముందుగా లేస్తే స్వరం మధ్యలో తెగిపోతుంది. రెండు చేతుల మధ్య వచ్చే ఈ చిన్న తేడానే చాలామంది విద్యార్థులు వేళ్ళలో బలం లేకపోవడంగా పొరబడి, ఇంకా గట్టిగా అదుముతారు. దానివలన వేళ్ళు నొప్పి పుడతాయి, సమస్య అలాగే ఉంటుంది. వేగాన్ని సగానికి తగ్గించి వాయిస్తే అసలు కారణం బయటపడుతుంది.

తీగను మీటకుండా ఎడమచేతి వేలితో కొట్టి పలికించడం, వేలిని లాగి పలికించడం అనే పద్ధతులలో మరొక చిక్కు ఉన్నది. ఇక్కడ కాలాన్ని నిర్ణయించేది ఎడమచేయి. అంతవరకూ కుడిచేతి ఊపును ఆధారం చేసుకొన్న విద్యార్థి ఈ స్వరాలను తొందరపడి ముందే పలికిస్తాడు. తొందరపాటు చెవికి వెంటనే తెలియదు గాని, రికార్డు చేసి వింటే స్పష్టంగా వినిపిస్తుంది.

స్వరం మొదలు మాత్రమే కాక దాని ముగింపు కూడా లయలో భాగమే. ఒక కార్డును మీటిన తరువాత ఎడమచేతి వేళ్ళను తీగలనుండి తీయకుండా కొద్దిగా వదులు చేస్తే ధ్వని ఆగిపోతుంది. కుడి అరచేతి అంచును తీగల మీద ఆన్చినా ఆగుతుంది. ఈ ఆపడం మాత్ర మీద సరిగా పడినప్పుడే విరామానికి ఒక ఆకారం వస్తుంది.

కుడిచేతి ఊపు

తీగలన్నింటినీ ఒకేసారి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి మీటడాన్ని స్ట్రమ్మింగ్ అంటారు. దీనికి మూలసూత్రం చాలా సరళమైనది. ముంజేయి గడియారపు లోలకం వలె ఆగకుండా ఊగుతూ ఉండాలి. మాత్ర మీద చేయి కిందికి, రెండు మాత్రల నడుమ పైకి. ఏ దెబ్బ వినిపించాలి, ఏది వినిపించకూడదు అన్నది చేయి తీగలను తాకడం, తాకకపోవడం మీద ఆధారపడుతుంది. చేయి ఆగడం మీద కాదు.

ఉదాహరణకు గిటారు తరగతులలో చాలాచోట్ల మొదటగా నేర్పే నడకను తీసుకొనవచ్చును. అది కింద, కింద-పైన, పైన-కింద-పైన అనే ఆరు దెబ్బల వరుస. నాలుగు మాత్రల బార్‌లో మొదటి మాత్ర మీద ఒక కింది దెబ్బ, రెండవ మాత్ర మీద కింది దెబ్బ, దాని తరువాత పై దెబ్బ వస్తాయి. మూడవ మాత్ర మీద ఏ ధ్వనీ లేదు. దాని సగంలో పై దెబ్బ, నాలుగవ మాత్ర మీద కింది దెబ్బ, చివర మరొక పై దెబ్బ. ఇందులో కీలకమైన చోటు ధ్వని లేని మూడవ మాత్ర. అక్కడ చేయి తీగలకు దూరంగా కిందికి జారాలి, తరువాతి పై దెబ్బకు సిద్ధం కావాలి. కొత్తవారు ధ్వని లేదు కదా అని చేతిని ఆపుతారు. ఆగిన చేయి మళ్ళీ ఎప్పుడు కదలాలో ఊహించి కదలవలసి వస్తుంది, ఆ ఊహ ప్రతిసారీ ఒకే విధంగా ఉండదు. ఈ వరుస నెలల తరువాత కూడా కుదరలేదని వదిలివేసేవారిలో ఎక్కువమందికి అడ్డు పడేది ఈ ఒక్క దెబ్బే.

దీనిని సరిచేయడానికి ఎడమచేతిని తీగల మీద తేలికగా ఆన్చి, ఏ స్వరమూ పలకకుండా కేవలం చప్పుడుతో నడకను సాధన చేయించడం మంచి పద్ధతి. కార్డు బెంగ లేనందువలన ధ్యాస అంతా కుడిచేతి మీద ఉంటుంది. నోటితో లెక్క పెట్టడం కూడా అవసరం. తరగతులలో వన్-అండ్-టూ-అండ్ అని లెక్కించడం వాడుక. మన పద్ధతిలో తకధిమి తకజణు అంటే అదే పని జరుగుతుంది. త, ధి, త, జ అనే అక్షరాలు నాలుగు మాత్రల మీద, క, మి, క, ణు వాటి సగాలలో పడతాయి. నోటితో చెప్పలేని వరుసను చేయి వాయించలేదని అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు అంటారు, అది చాలావరకు నిజం.

కార్డు మారే చోటు

లయ తెగిపోయే ప్రధాన స్థలం ఒక కార్డు నుండి మరొక కార్డుకు మారే చోటు. విద్యార్థి కొత్త కార్డులోని వేళ్ళన్నీ సరిగా కుదిరేవరకు కుడిచేతిని ఆపి, కుదిరిన తరువాత మళ్ళీ మొదలుపెడతాడు. ఇలా చేసిన ప్రతిసారీ చేయి నేర్చుకొనేది ఆగడమే. వందసార్లు ఆగుతూ సాధన చేస్తే ఆ ఆగుడు పాటలో ఒక భాగంగా స్థిరపడిపోతుంది. తరువాత వేళ్ళు చురుకైనా అలవాటు పోదు.

నిమిషానికి 80 మాత్రల వేగంలో సగం మాత్ర విలువ 0.375 సెకను. బార్‌లోని చివరి పై దెబ్బ సమయంలో వేళ్ళు లేచి, తరువాతి బార్ మొదటి దెబ్బకు కొత్త స్థానంలో ఉండడానికి దొరికే కాలం ఇంతే. ఆ చివరి దెబ్బ ఏ మెట్టూ అదమని ఖాళీ తీగల మీద పడినా పెద్దగా దోషం కాదు. వృత్తి కళాకారుల రికార్డులలో కూడా ఇటువంటి ఖాళీ తీగల దెబ్బలు వినిపిస్తాయి. ఈ సంగతి తెలియక ప్రతి దెబ్బా శుద్ధంగా పలకాలని పట్టుబట్టే విద్యార్థి లయను పోగొట్టుకొంటాడు. కొత్త కార్డులో రెండు వేళ్ళే కుదిరినా కుడిచేయి సాగిపోవడమే సరైన సాధన. మిగిలిన వేళ్ళు వారాలలో చేరుకొంటాయి. కేవలం రెండు కార్డులను తీసుకొని, బార్‌కు ఒకటి చొప్పున, ఆగకుండా ఐదు నిమిషాలు మార్చడం విసుగు పుట్టించే అభ్యాసమే గాని ఫలితం త్వరగా కనిపిస్తుంది.

మెట్రోనోమ్

సమాన వ్యవధిలో చప్పుడు చేసే పరికరాన్ని మెట్రోనోమ్ అంటారు. లోలకంతో సంగీత వేగాన్ని కొలిచే ప్రయత్నం 17వ శతాబ్దం చివరలోనే జరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన ఎతియెన్ లూలియే 1696లో వర్ణించిన పరికరం ఒక పెద్ద లోలకం, దానికి చప్పుడు లేదు. సాధారణ లోలకంతో ఉన్న ఇబ్బంది దాని పొడవు. సెకనుకు ఒక ఊపు ఊగాలంటే దాదాపు ఒక మీటరు పొడవు ఉండాలి. నిమిషానికి 40 ఊపులు కావాలంటే సుమారు 2.24 మీటర్లు అవసరం. అంతటి పరికరాన్ని వాద్యం పక్కన పెట్టుకొనడం అసాధ్యం.

ఈ చిక్కును 1814లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న డీట్రిచ్ నికోలాస్ వింకెల్ విడదీశాడు. ఆయన ఇరుసుకు కింద ఒక బరువు, పైన మరొక బరువు అమర్చాడు. రెండు బరువులు ఒకదానినొకటి ప్రతిఘటించడం వలన పొట్టి కడ్డీ కూడా నెమ్మదిగా ఊగుతుంది. పై బరువును ఎత్తితే వేగం తగ్గుతుంది, దించితే పెరుగుతుంది. యోహాన్ మెల్జెల్ ఈ ఆలోచనను తీసుకొని, దానికి అంకెల కొలబద్దను జోడించి, 1815లో తన పేర పేటెంటు పొందాడు. వింకెల్ పేరు సంగీత చరిత్ర గ్రంథాలకు పరిమితం కాగా, స్వరలిపిలో వేగసూచనకు ముందు వ్రాసే రెండు అక్షరాలలో మెల్జెల్ పేరు నిలిచిపోయింది. 1817లో బీథోవెన్ తన ఎనిమిది సింఫనీలకు మెట్రోనోమ్ అంకెలను ప్రకటించాడు.

పాత యాంత్రిక మెట్రోనోమ్‌ల కొలబద్ద 40 నుండి 208 వరకు ఉంటుంది. అంకెలు సమానంగా పెరగవు. 40 నుండి 60 వరకు రెండేసి, 72 వరకు మూడేసి, 120 వరకు నాలుగేసి, 144 వరకు ఆరేసి, ఆపైన ఎనిమిదేసి చొప్పున పెరుగుతాయి. ఎక్కువ వేగాలలో చిన్న తేడా చెవికి అందదు కనుక ఈ ఏర్పాటు సబబైనదే. ఒక పాఠం వేగాన్ని క్రమంగా పెంచదలచినవారు ఈ మెట్లనే అనుసరించవచ్చును. యాంత్రిక పరికరాన్ని చదునుగా లేని బల్ల మీద పెడితే ఒక చప్పుడు దగ్గరగా, మరొకటి దూరంగా పడి కుంటినడక నడుస్తుంది. నేడు ఎలక్ట్రానిక్ పరికరాలు, ఫోను ఆప్‌లు ఈ స్థానాన్ని ఆక్రమించాయి. వాటికి ఆ దోషం లేదు.

మెట్రోనోమ్ వాడకంలో సర్వసాధారణమైన పొరబాటు దానిని వేగం పెంచే యంత్రంగా మాత్రమే చూడడం. నెమ్మదిగా వాయించినప్పుడు దోషం లేకుండా వరుసగా కొన్నిసార్లు వచ్చిన తరువాతనే తరువాతి మెట్టుకు వెళ్ళాలి. దానికంటె ఉపయోగకరమైనది చప్పుళ్ళను తగ్గించుకొంటూ పోవడం. నిమిషానికి 100 మాత్రల వేగంలో వాయిస్తూ మెట్రోనోమ్‌ను 50 వద్ద ఉంచి, ఆ చప్పుళ్ళను రెండవ, నాలుగవ మాత్రలుగా భావించాలి. ఒకటవ, మూడవ మాత్రలను విద్యార్థి తానే నిలుపుకోవాలి. రాక్, జాజ్ సంగీతాలలో డ్రమ్ము ఊనిక, చిటికె పడేది ఎక్కువగా ఈ రెండు, నాలుగు మాత్రల మీదనే కనుక చెవికి కూడా అలవాటవుతుంది. తరువాతి మెట్టు బార్‌కు ఒక్క చప్పుడు. పాత లోలకపు మెట్రోనోమ్‌లో కనిష్ఠం 40 కాబట్టి, నాలుగు మాత్రల బార్‌తో ఈ అభ్యాసం నిమిషానికి 160 గాని అంతకంటె ఎక్కువ గాని వేగంలోనే సాధ్యమయ్యేది. ఎలక్ట్రానిక్ పరికరాలు ఈ పరిమితిని తొలగించాయి. రెండు బార్‌లు చప్పుడు వినిపించి, రెండు బార్‌లు మౌనంగా ఉండే సదుపాయం కూడా కొన్ని ఆప్‌లలో ఉన్నది. మౌనం తరువాత మొదటి చప్పుడు ఎక్కడ పడిందో వింటే తాను పరుగెత్తే స్వభావమా, వెనుకబడే స్వభావమా అన్నది ఎవరికైనా తెలిసిపోతుంది.

మెట్రోనోమ్ వలన వాదన యంత్రంలా తయారవుతుందనే అభ్యంతరం చాలాకాలంగా ఉన్నది. పాట చివరలో వేగం తగ్గించడం, ఒక భావాన్ని నొక్కిచెప్పడానికి క్షణం నిలపడం కళలో భాగాలే. ముఖ్యంగా శాస్త్రీయ గిటారులో ఇది అత్యవసరం. అయితే కావాలని నిలపడం, చేతకాక నిలవడం వేరు. మొదటిది చేయగలవారు స్థిరమైన నడకలో కూడా వాయించగలరు. ప్రతి నిమిషమూ మెట్రోనోమ్‌తోనే వాయించడం కూడా మంచిది కాదు. ఎప్పుడూ చప్పుడుకు ఆనుకొన్నవారు అది లేనప్పుడు తడబడతారు.

శరీరం, మెదడు

మెట్రోనోమ్ చప్పుడుకు అనుగుణంగా వేలితో తట్టమంటే మనుషులు చప్పుడు తరువాత కాక, సాధారణంగా కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందుగా తడతారని ప్రయోగాలలో పలుమార్లు తేలింది. సంగీత శిక్షణ ఉన్నవారిలో ఈ తేడా తక్కువగా ఉంటుంది. దీనిని బట్టి లయ అనేది చప్పుడు విని స్పందించడం కాదని, తరువాతి చప్పుడును ముందుగా ఊహించడమని గ్రహించవచ్చును. చప్పుడు విన్న తరువాత మీటాలని ఎదురుచూసే విద్యార్థి ఎప్పటికీ వెనుకబడే ఉంటాడు.

1973లో అలన్ వింగ్, క్రిస్టఫర్‌సన్ అనే పరిశోధకులు ఇటువంటి తట్టుడులోని తేడాలకు రెండు మూలాలున్నాయని ప్రతిపాదించారు. ఒకటి మనస్సులోని గడియారం, రెండవది ఆ గడియారం ఆజ్ఞను వేలు అమలుపరచడంలో జరిగే ఆలస్యం. గిటారు సాధనకు ఈ విభజన చక్కగా వర్తిస్తుంది. నోటితో నడకను సరిగా చెప్పగలిగి చేతితో తప్పేవారికి వేళ్ళ సాధన కావాలి. నోటితోనే తప్పేవారు గిటారు పక్కన పెట్టి నడవడం, చప్పట్లు కొట్టడం, లెక్కించడం చేయాలి. మెదడులో చిన్నమెదడు, బేసల్ గాంగ్లియా అనే భాగాలు కాలనిర్ణయంలో పాలుపంచుకొంటాయి.

చాలా నెమ్మదైన వేగం తేలిక అనే అభిప్రాయం సరికాదు. రెండు చప్పుళ్ళ మధ్య దూరం సుమారు రెండు సెకన్లకు చేరినప్పుడు తరువాతిది ఎప్పుడు వస్తుందో ఊహించడం కష్టమవుతుంది. నిమిషానికి 30 మాత్రలంటే అంతే దూరం. అందుకే అతి నెమ్మదిగా వాయించేటప్పుడు మాత్రను మనస్సులో రెండుగా, నాలుగుగా విడగొట్టుకోవాలి. మరొక సంగతి, చెవితో విన్న చప్పుడుకు కలిసినంత బాగా కంటితో చూసిన మెరుపుకు చేయి కలవదు. ఫోను తెరమీద వెలిగే దీపాన్ని చూస్తూ చప్పుడు ఆపివేసి సాధన చేసేవారు ఈ విషయం గమనించాలి.

లయజ్ఞానం పుట్టుకతో రావాలని, తనకు లేదని అనుకొని గిటారు మానివేసేవారున్నారు. మాత్రను అసలే పట్టుకోలేని స్థితి నిజంగా ఉన్నది గాని అది చాలా అరుదు. అటువంటి ఒక వ్యక్తిని గురించి 2011లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు ప్రచురించినప్పుడు అది ఒక విశేషంగా పరిగణించబడింది. పాట వింటూ కాలు ఆడించగలిగినవారికి ఆ లోపం లేదని చెప్పవచ్చును.

కొన్ని సంగీత రీతులు

లయ వాదనకే జీవితాన్ని అంకితం చేసిన గిటారు కళాకారులలో ఫ్రెడ్డీ గ్రీన్ పేరు ముందుగా చెప్పవలసినది. ఆయన 1937లో కౌంట్ బేసీ జాజ్ వాద్యబృందంలో చేరి, 1987లో మరణించేవరకు దాదాపు యాభై సంవత్సరాలు బార్‌కు నాలుగు దెబ్బలు వాయించాడు. ఒంటరి వాదనలు బహు అరుదు. ఇత్తడి వాద్యాల హోరులో ఆయన గిటారు విడిగా వినిపించేది కాదు, లేకపోతే మాత్రం తెలిసేదని తోటివారు భావించేవారు. 1934లో పారిస్‌లో జాంగో రైన్‌హార్ట్, స్టెఫాన్ గ్రపెల్లి ఏర్పరచిన బృందంలో డ్రమ్ములే లేవు. రెండు లయ గిటార్లు, ఒక డబుల్ బాస్ ఆ పని చేసేవి.

బ్రెజిల్‌కు చెందిన బోసా నోవాలో ఒకే గిటారు రెండు పాత్రలు వహిస్తుంది. బొటనవేలు మంద్రతీగ మీద మాత్రలను నిలకడగా మోగిస్తుంటే, మిగిలిన వేళ్ళు మాత్రల నడుమ కార్డులను పలికిస్తాయి. జొవావ్ జిల్బెర్తు 1958లో చేసిన రికార్డులతో ఈ పద్ధతి ప్రసిద్ధమైంది. మన వీణలో చిటికెన వ్రేలు పక్కనున్న మూడు తాళపు తీగలను మీటుతూ తాళం చూపడం దీనితో పోల్చదగినది. రెండింటిలోనూ ఒకే చేయి తాళాన్నీ, సంగీతాన్నీ మోస్తుంది.

స్పెయిన్‌లోని ఫ్లమెంకో గిటారులో నడకను కొంపాస్ అంటారు. సొలెయా, బులెరియా వంటి రీతులలో పన్నెండు మాత్రల ఆవృత్తం ఉంటుంది. ఊనికలు 3, 6, 8, 10, 12 మాత్రల మీద పడతాయి. అంటే మూడు, మూడు, రెండు, రెండు, రెండుగా విభజన. పాశ్చాత్య పద్ధతిలో నాలుగు మాత్రలకే అలవాటుపడినవారికి ఇది వింతగా తోచినా, తాళాలను అంగాలుగా విభజించే అలవాటున్న దక్షిణ భారత శ్రోతకు సులభంగా బోధపడుతుంది. జమైకాకు చెందిన రెగేలో గిటారు మాత్రల మీద కాక వాటి నడుమ మోగుతుంది. ఫంక్ సంగీతంలో మాత్రకు నాలుగు దెబ్బల చొప్పున చేయి ఊగుతూనే ఉండి, వాటిలో చాలావాటిని మూగ చప్పుడుగా వదిలి కొన్నింటినే పలికిస్తుంది. షిక్ బృందానికి చెందిన నైల్ రాడ్జర్స్ వాదన దీనికి మంచి ఉదాహరణ.

జాజ్, బ్లూస్ రీతులలో మాత్రను రెండు సమభాగాలు చేయరు. మొదటి భాగం పొడవుగా, రెండవది పొట్టిగా ఉంటుంది. దీనిని స్వింగ్ అంటారు. మధ్యవేగంలో ఈ నిష్పత్తి సుమారు రెండుకు ఒకటిగా ఉండి, వేగం పెరిగేకొద్దీ సమానానికి దగ్గరవుతుంది. దీనిని లెక్కతో నేర్చుకొనేకంటె రికార్డులతో కలిసి వాయించి నేర్చుకొనడమే మేలు.

భారతీయ తాళపద్ధతితో సంబంధం

కర్ణాటక సంగీతంలో ప్రారంభపాఠాలైన సరళీ స్వరాలను ఆదితాళంలో మూడు కాలాలలో పాడిస్తారు. తాళం వేగం మారదు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండవ కాలంలో రెండు, మూడవ కాలంలో నాలుగు. గిటారు విద్యార్థికి ఇంతకంటె మంచి అభ్యాసం దొరకడం కష్టం. మెట్రోనోమ్‌ను 60 వద్ద ఉంచి, ఏదైనా స్వరశ్రేణిని చప్పుడుకు ఒకటి, రెండు, నాలుగు చొప్పున, నడుమ ఆగకుండా వాయించాలి. పరికరం వేగం పెంచకుండానే చేయి వేగం పెరుగుతుంది. పైగా మాత్రను ఖచ్చితంగా విభజించే శక్తి అలవడుతుంది. దీనికి మూడు స్వరాల తిస్రగతిని చేర్చి రెండు నుండి మూడుకు, మూడు నుండి నాలుగుకు మారడం సాధన చేస్తే కష్టం ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. మాత్రకు మూడు దెబ్బలైనప్పుడు కుడిచేయి ఒక మాత్ర మీద కిందికి, మరుసటి మాత్ర మీద పైకి పడుతుంది. అంతవరకూ కింది దెబ్బనే మాత్రగా భావించిన చేయి తికమకపడుతుంది.

తకిట మూడుకు, తకధిమి నాలుగుకు, తకతకిట ఐదుకు, తకిట తకధిమి ఏడుకు వాడే జతులు. వీటిని నోటితో పలికే విద్యను కొన్నక్కోల్ అంటారు. ఆంగ్ల గిటారు కళాకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్ వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్.రామనాథన్ వద్ద వీణ అభ్యసించాడు. 1970లలో ఎల్.శంకర్, జాకీర్ హుస్సేన్, విక్కు వినాయకరాంలతో కలిసి శక్తి బృందాన్ని నడిపాడు. 2007లో సెల్వగణేశ్‌తో కలిసి కొన్నక్కోల్ బోధించే డీవీడీని వెలువరించాడు. ఆయన ఆ తరువాతి బృందమైన రిమెంబర్ శక్తిలో పాలుపంచుకొన్న ఉప్పలపు శ్రీనివాస్ పాలకొల్లులో 1969లో జన్మించాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేసి, గిటారు వలె మెట్లు గల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని నిలబెట్టాడు. 2014లో మరణించాడు.

గాయకులు చేతితో తాళం వేసుకొంటారు. గిటారు వాయించేవారికి రెండు చేతులూ తీరిక ఉండవు కనుక పాదమే ఆధారం. పాదం తట్టుతూ వాయించడం మొదట్లో అదనపు భారంగా ఉంటుంది. పాదం చేతిని అనుసరించడం మొదలుపెడితే దానివలన ప్రయోజనం లేదు, చేయి పాదాన్ని అనుసరించాలి.

తెలుగువారికి ఈ గతులు సంగీతంలోనే కాక పద్యంలోనూ పరిచితం. తురగవల్గన రగడ మూడు మాత్రల గణాలతోను, వృషభగతి రగడ మూడు, నాలుగు మాత్రల గణాలు కలిసిన ఏడు మాత్రల నడకతోను సాగుతాయి. ఛందస్సు చదువుకొన్న విద్యార్థి ఏడు మాత్రల గిటారు పాఠం ఎదురైనప్పుడు వృషభగతిని మనస్సులో చదువుకొంటే చాలు.

పరికరాల వలన ఆలస్యం

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు. వేదిక మీద డ్రమ్ములకు పది మీటర్ల దూరంలో నిలబడినవారికి దెబ్బ 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది. పెద్ద వేదికలమీద ప్రతివారి దగ్గర ఒక చిన్న స్పీకరు గాని చెవిలో ఇయర్‌ఫోను గాని ఉంచడానికి ఇదొక కారణం.

ఇంటి సాధనలో దీనికంటె పెద్ద చిక్కు బ్లూటూత్ హెడ్‌ఫోనులు. వీటిలో ధ్వని చేరేసరికి వంద మిల్లీసెకన్లు దాటడం సామాన్యం. 120 వేగంలో అది మాత్రలో నాలుగవ వంతుకు దగ్గర. పాట వినడానికి అడ్డులేదు, ఎందుకంటే పాట అంతా ఒకేవిధంగా ఆలస్యమవుతుంది. కాని గిటారును కంప్యూటరుకు కలిపి తన వాదనను ఆ హెడ్‌ఫోనులో వింటూ వాయించేవారికి ప్రతి దెబ్బా వెనుకబడినట్లు తోస్తుంది. దానిని సరిచేయబోయి ముందుగా మీటడం అలవాటవుతుంది. రికార్డింగు చేసేటప్పుడు తీగ ఉన్న హెడ్‌ఫోను వాడడం సురక్షితం. ఫోనులోని సాధారణ రికార్డరుతో, ఏ హెడ్‌ఫోనూ లేకుండా, మెట్రోనోమ్ చప్పుడు కూడా వినిపించేటట్లు వారానికొకసారి రికార్డు చేసి, మరునాడు వినడం ఖర్చులేని పద్ధతి. వాయించేటప్పుడు వినిపించని తొందర మరునాడు వినిపిస్తుంది.